నిప్పుకొండకు ఎదురెళ్లిన ప్లీనీ



రాత్రి స్టడీ అవర్‌లో పోటీ పరీక్షల గైడు ముందేసుకొని కూర్చున్న వాళ్లందరికీ ఒక బిట్టు కంఠతా వచ్చే ఉంటుంది. ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 నగరాలు, లక్ష కాల్బలం, 2,000 అశ్వబలం, 1,000 ఏనుగులు ఉన్నాయని చెప్పిన విదేశీయుడు ఎవరు? జవాబు మెగస్తనీస్ అని పెడతాం. మార్కు పడుతుంది. తర్వాతి బిట్టుకు వెళ్లిపోతాం.

నేనూ అలాగే వెళ్లిపోయాను. హాస్టల్ వదిలి ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గానీ అసలు సంగతి తెలియలేదు. మెగస్తనీస్ రాసిన ఇండికా గ్రంథం ఏనాడో పోయింది. దాని ప్రతి ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. మన ఆంధ్రుల బలగం లెక్క ఈనాటి దాకా నిలిచింది ప్లీనీ అనే రోమన్ రచయిత పుస్తకంలో. ఆయన దాన్ని మెగస్తనీస్ నుంచి తీసుకొని ఉంటాడని పండితులు అంటారు. అంటే ఆ బిట్టు వెనక ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషి క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు, అక్కడ చిక్కుకున్న జనాన్ని ఓడల మీద తీసుకురావడానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు.

మన సంచికలో ఏటా అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి రాసుకుంటున్నాం. ఈసారి సంపాదక వర్గం తమ్ముళ్లు ఒక మహనీయుని జీవితం రాయమని అడిగితే నాకు ఈ ప్లీనీ గుర్తొచ్చాడు. ఎందుకు గుర్తొచ్చాడో చివర చెబుతాను.

చదువు, సైన్యం, రచన

ప్లీనీ క్రీ.శ. 23 లేదా 24లో ఇటలీ ఉత్తర భాగంలో ఒక సరస్సు ఒడ్డున ఉన్న కోమో పట్టణంలో పుట్టాడు. కలిగిన కుటుంబమే. అయితే రోమ్‌ను ఏలే సెనేటర్ల వర్గం కాదు, దాని కింది వర్గం. రోమ్‌లో చదువుకొని యువకుడిగా సైన్యంలో చేరాడు. రైన్ నది సరిహద్దుల్లో, ఇప్పటి జర్మనీ ప్రాంతంలో గుర్రపు దళానికి అధికారిగా పనిచేశాడు. ఆయన పేరు చెక్కిన గుర్రపు సామగ్రి ఒకటి అక్కడి తవ్వకాల్లో దొరికింది.

సైన్యంలో ఉండగానే రాయడం మొదలుపెట్టాడు. గుర్రం మీద నుంచి ఈటె విసిరే పద్ధతి మీద రాసిన పుస్తకం ఆయన తొలి రచన. తర్వాత జర్మనీ యుద్ధాల చరిత్రను 20 సంపుటాలుగా రాశాడు. నీరో చక్రవర్తి పాలన చివరి రోజుల్లో మనసులో మాట రాస్తే తల తెగే పరిస్థితి. అప్పుడు ఆయన కలం మూయలేదు, వ్యాకరణం మీద రాసుకున్నాడు. క్రీ.శ. 69లో వెస్పాసియన్ చక్రవర్తి అయ్యాక రోజులు మారాయి. స్పెయిన్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసే ఉద్యోగం చేశాడు. చివరకు నేపుల్స్ అఖాతం ఒడ్డున మిసీనం రేవులో ఉన్న రోమన్ నౌకాదళానికి అధిపతి అయ్యాడు.

ఒక్క నిమిషం కూడా పోనివ్వని మనిషి

ఆయన దినచర్యను ఆయన మేనల్లుడు తర్వాత ఒక లేఖలో వివరంగా రాశాడు. మేనల్లుడి పేరూ ప్లీనీయే. అందుకే చరిత్రకారులు ఒకరిని పెద్ద ప్లీనీ, ఇంకొకరిని చిన్న ప్లీనీ అంటారు.

పెద్ద ప్లీనీ చలికాలంలో అర్ధరాత్రి దాటగానే దీపం పెట్టుకొని కూర్చునేవాడు. తెల్లవారక ముందే చక్రవర్తి దగ్గరకు వెళ్లి, అక్కడి నుంచి ఆఫీసు పని చూసుకొని, ఇంటికొచ్చి మళ్లీ పుస్తకం పట్టేవాడు. భోంచేస్తుంటే ఒకరు పైకి చదవాలి, ఈయన వింటూ నోట్సు చెప్పాలి. స్నానం చేసి ఒళ్లు తుడిపించుకుంటున్నా చదువు ఆగకూడదు. ఎంత చెడ్డ పుస్తకంలో అయినా పనికొచ్చేది ఏదో ఒకటి ఉంటుందని ఆయన నమ్మకం.

ఒకసారి చదివేవాడు ఒక మాట తప్పు పలికితే, పక్కనున్న స్నేహితుడు ఆపి మళ్లీ చదివించాడట. ప్లీనీకి కోపం వచ్చింది. అర్థం అయిందా లేదా అని అడిగాడు. అయిందన్నాడు స్నేహితుడు. మరి వెనక్కి ఎందుకు పంపావు, పది వరుసలు పోయాయి కదా అని చీవాట్లు పెట్టాడు. మేనల్లుడు రోమ్ వీధుల్లో నడిచి వెళుతుంటే, పల్లకీలో వెళ్తే ఆ సమయంలో చదువుకోవచ్చు కదా అని మందలించాడు.

ఇక్కడ మనం ఒక మాట అనుకోవాలి. పైకి చదివిన వాడెవరు? నోట్సు రాసిన వాడెవరు? పల్లకీ మోసిన వాళ్లెవరు? వాళ్లంతా బానిసలు, బానిసత్వం నుంచి బయటపడ్డ సేవకులు. చలికి వేళ్లు కొంకర్లుపోయి రాత ఆగిపోకుండా రాయసగాడి చేతులకు తొడుగులు వేయించేవాడని లేఖలో ఉంది. తొడుగుల సంగతి ఉంది గానీ రాయసగాడి పేరు లేదు. ప్లీనీ జ్ఞానం గొప్పదే. దాని కోసం దీపం పట్టిన చేతుల పేర్లు మాత్రం చరిత్రకు ఎక్కలేదు. మన ఇళ్లల్లో తాతముత్తాతలు ఎవరి గ్రంథాలకో దీపాలు పట్టిన వాళ్లే కాబట్టి, ఈ సంగతి మనం దాటి పోకూడదు.

ముప్పై ఏడు సంపుటాలు

ఈ శ్రమ అంతా కలిసి ప్రకృతి చరిత్ర అనే 37 సంపుటాల గ్రంథం అయింది. క్రీ.శ. 77లో యువరాజు టైటస్‌కు అంకితం ఇచ్చాడు. 100 మంది ముఖ్య రచయితలవి సుమారు 2,000 సంపుటాలు చదివి 20,000 విషయాలు సేకరించానని ముందుమాటలో లెక్క చెప్పాడు. ఆకాశం, భూమి, జంతువులు, చెట్లు, మందులు, లోహాలు, రత్నాలు, బొమ్మలు చెక్కే కళ, అన్నీ అందులో ఉన్నాయి. ఇది గాక రెండు వైపులా చిన్న అక్షరాలతో నిండిన 160 నోట్సు చుట్టలు మేనల్లుడికి మిగిల్చాడు.

మన దేశం గురించి చాలా రాశాడు. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌ల రోమన్ ధనం ఇండియాకు పోతోందని బాధపడ్డాడు. మిరియాల ధరలు రాసి, రంగూ రుచీ లేని ఈ ఘాటు గింజ కోసం ఎందుకింత ఎగబడుతున్నారని విసుక్కున్నాడు. రోమన్ నాణేలు మన గుంటూరు, నల్గొండ ప్రాంతాల్లో కూడా బయటపడ్డాయి కాబట్టి ఆయన బాధ ఉత్తిది కాదు. ఆ రోజుల్లో మన కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ మీద బౌద్ధ భిక్షువులు గుహలు తొలిచి ఉంటున్నారు. పరీక్ష బిట్టులోని ఆంధ్రులు ఆ కాలపు వాళ్లు.

విన్నదల్లా రాయడంతో తప్పులూ చాలా దొర్లాయి. ఇండియాలో కుక్క తలల మనుషులు ఉన్నారనీ, ఒంటికాలి మనుషులు ఆ పాదాన్నే గొడుగులా పట్టుకొని నీడలో పడుకుంటారనీ రాశాడు. చూడకుండా రాస్తే ఎంతటి పండితుడికైనా ఇదే గతి.

ఎదురుగా ఉన్న కొండ

ఆ గ్రంథం రెండో సంపుటంలో ప్లీనీ ప్రపంచంలో నిప్పులు కక్కే కొండల జాబితా ఇచ్చాడు. సిసిలీ ద్వీపంలోని ఎట్నా ఉంది. ఆసియాలోని కొండలు ఉన్నాయి. వెసూవియస్ లేదు. మిసీనంలో ఆయన మేడ మీద నుంచి అఖాతానికి అవతల సుమారు 30 కిలోమీటర్ల దూరంలో రోజూ కనిపించే కొండ అది. ఆ ప్రాంతపు సారవంతమైన నేలనూ, ద్రాక్ష తోటలనూ ఆయన మెచ్చుకున్నాడు. ఆ సారం ఒకనాటి నిప్పుదేనని ఆయన జాబితాకు తట్టలేదు.

వెసూవియస్ పొరల అగ్నిపర్వతం. శాస్త్రంలో స్ట్రాటో వాల్కనో అంటారు. ఒకసారి లావా పారుతుంది, ఒకసారి బూడిద, రాళ్లు పడతాయి. పొర మీద పొర పేరి కొండ నిటారుగా పెరుగుతుంది. లోపలి శిలాద్రవం జిగటగా ఉండటం వల్ల వాయువులు సులభంగా బయటికి పోలేవు. బిరడా బిగించిన సోడా సీసాలా ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా పేలుతుంది. దాదాపు 4,000 ఏళ్ల కింద కూడా ఈ కొండ భయంకరంగా పేలి చుట్టుపక్కల పల్లెలను పూడ్చేసింది. తర్వాత శతాబ్దాల తరబడి నిద్రపోయింది. జనం చెట్లు నాటుకున్నారు, ఊళ్లు కట్టుకున్నారు, మరిచిపోయారు.

గుర్తులు లేకపోలేదు. స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయిత ఆ కొండ శిఖరం మీద కాలిన రాళ్లు చూసి, ఇది ఒకప్పుడు నిప్పుల కొండ అయి ఉంటుందని అంతకు ముందే రాశాడు. క్రీ.శ. 62లో పెద్ద భూకంపం వచ్చి పాంపేయి, హెర్క్యులేనియం పట్టణాల్లో ఇళ్లు కూలాయి. ఆ సమయంలో 600 గొర్రెల మంద చచ్చిపోయిందని సెనెకా అనే రచయిత నమోదు చేశాడు. నేల లోంచి వచ్చిన విషవాయువే కారణం కావచ్చు. జనం గోడలు బాగుచేసుకొని మళ్లీ కాపురం పెట్టారు.

ఆ రోజు

పేలుడు క్రీ.శ. 79 ఆగస్టు 24న జరిగిందని పాత ప్రతుల్లో ఉంది. 2018లో పాంపేయి గోడ మీద అక్టోబరు 17 తేదీతో బొగ్గు రాత దొరికాక, అది అక్టోబరులో జరిగి ఉంటుందని చాలామంది ఒప్పుకుంటున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంట వేళ. ప్లీనీ భోంచేసి పుస్తకం చదువుకుంటున్నాడు. ఇంట్లోనే ఉంటున్న చెల్లెలు వచ్చి ఆకాశంలో వింత మబ్బు చూడమంది. చెప్పులు తెప్పించుకొని ఎత్తుకు ఎక్కి చూశాడు. నిలువుగా లేచి పైన కొమ్మలుగా విచ్చుకున్న మబ్బు. అక్కడి గొడుగు పైన్ చెట్టులా ఉందని మేనల్లుడు రాశాడు. మన వైపు వాళ్లయితే తాటిచెట్టు అనేవాళ్లేమో. ఆ స్తంభం 30 కిలోమీటర్ల ఎత్తు దాటి ఉంటుందని నేటి శాస్త్రజ్ఞుల అంచనా.

దగ్గరకు వెళ్లి చూడాలని తేలికపాటి పడవ సిద్ధం చేయమన్నాడు. వస్తావా అని మేనల్లుణ్ణి అడిగాడు. పదిహేడేళ్ల ఆ కుర్రాడు, మామయ్య ఇచ్చిన పాఠం రాసుకోవాలి, రానన్నాడు. హోంవర్కు ఒక మనిషి ప్రాణం కాపాడిన సందర్భం చరిత్రలో ఇదొక్కటే అయి ఉంటుంది!

గడప దాటుతుండగా ఒక చీటీ అందింది. కొండ కింద ఇల్లున్న రెక్టీనా అనే ఆమె, సముద్రం తప్ప దారి లేదు, వచ్చి కాపాడమని రాసింది. అక్కడే ప్లీనీ ఆలోచన మారింది. చూడటానికి సిద్ధం చేసిన చిన్న పడవను పక్కనపెట్టి, యుద్ధ నౌకలను దించమన్నాడు. ఆమె ఒక్కతే కాదు, ఆ తీరం పొడుగునా జనం ఉన్నారు. అందరూ పారిపోయి వస్తున్న వైపుకే తాను ఎక్కిన ఓడను నడిపించాడు. బూడిద పడుతోంది. బెజ్జాలు బెజ్జాలుగా ఉండే తేలిక రాళ్లు, కాలి పగిలిన రాళ్లు ఓడ మీద పడుతున్నాయి. మబ్బు మారే తీరు చెబుతుంటే పక్కన రాయసగాడు రాస్తూనే ఉన్నాడు.

తీరం దగ్గర రాళ్లు మేట వేసి ఓడ ఆనలేదు. వెనక్కి తిప్పుదామన్నాడు చుక్కాని పట్టినవాడు. ప్లీనీ ఒప్పుకోక, దక్షిణాన స్టేబియేలో ఉన్న స్నేహితుడి దగ్గరకు పోనిమ్మన్నాడు. ఆ స్నేహితుడు సామాను ఓడలో వేసుకొని గాలి మారడం కోసం ఎదురుచూస్తున్నాడు. వణికిపోతున్న అతనికి ధైర్యం చెప్పడానికి ప్లీనీ స్నానం చేసి, భోంచేసి, గురక పెట్టి నిద్రపోయాడు. తెల్లవారేసరికి వాకిలి రాళ్లతో నిండిపోతుంటే లేపారు. ఇల్లు ఊగుతోంది. తలలకు దిండ్లు కట్టుకొని సముద్రం ఒడ్డుకు నడిచారు. పగలే గానీ చీకటి. సముద్రం పోటెత్తి ఓడ ఎక్కనివ్వలేదు.

ప్లీనీకి మొదటి నుంచీ ఊపిరి ఇబ్బంది ఉంది. ఒడ్డున ఒక తెరచాప గుడ్డ పరిపించుకొని పడుకొని, చల్లటి నీళ్లు రెండుసార్లు అడిగి తాగాడు. గంధకం వాసన ముంచుకొచ్చింది. మిగతావాళ్లు పరుగు తీశారు. ఇద్దరు బానిసల భుజాల మీద ఆనుకొని లేచాడు, అక్కడే కూలిపోయాడు. వయసు 55 ఏళ్లు. వెలుతురు వచ్చాక శరీరం దొరికింది. గాయం లేదు, కట్టుబట్టలతో నిద్రపోతున్నట్టే ఉన్నాడట.

రెక్టీనా బతికిందా, ఓడలు ఎందరిని గట్టెక్కించాయి అన్నది లేఖలో లేదు.

తర్వాతి కథ

పాంపేయి రాళ్లూ బూడిద కింద, హెర్క్యులేనియం ఇంకా లోతున పూడిపోయాయి. రాళ్ల వానకు చాలామంది తట్టుకున్నారు గానీ, మరిగే వాయువూ బూడిదా కలిసి కొండవాలు మీద వరదలా దిగినప్పుడు ఎవరూ తట్టుకోలేకపోయారు. హెర్క్యులేనియం ఒడ్డున పడవల షెడ్లలో 300 దాకా అస్థిపంజరాలు 1980ల నుంచి బయటపడ్డాయి. ఓడల కోసం ఎదురుచూసిన వాళ్లు వాళ్లు. 2021లో పాంపేయి శివార్లలో ఒక బానిసల గది బయటపడింది. మూడు మంచాలు, ఒకటి పిల్లవాడికి సరిపోయేంత చిన్నది. పేర్లు లేని వాళ్ల చరిత్ర కూడా బూడిద దాచి ఉంచింది.

పాతికేళ్ల తర్వాత చరిత్రకారుడు టాసిటస్ అడిగితే, మేనల్లుడు రెండు లేఖల్లో ఇదంతా రాశాడు. ఒక అగ్నిపర్వతం పేలుడును కంటితో చూసి ఇంత వివరంగా రాయడం అంతకు ముందు లేదు. అందుకే ఇలాంటి మహా పేలుళ్లను ఇప్పటికీ ప్లీనియన్ పేలుళ్లు అంటారు.

వెసూవియస్ అక్కడితో ఆగలేదు. 472లో దాని బూడిద కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్లింది. 1631 డిసెంబరులో వేలమందిని పొట్టనబెట్టుకుంది. 1794, 1872, 1906లలో మళ్లీ రేగింది. చివరిసారి 1944 మార్చిలో, యుద్ధం జరుగుతుండగా, శాన్ సెబాస్టియానో ఊరిని లావా మింగింది. అప్పటి నుంచి నిశ్శబ్దం. 1841లో ఆ కొండ మీదే ప్రపంచంలో తొలి అగ్నిపర్వత పరిశీలనా కేంద్రం పెట్టారు. ఇప్పుడు ప్రమాద మండలంలో సుమారు 7 లక్షల మంది ఉన్నారు. యంత్రాలు రాత్రింబగళ్లు కొండ నాడి పట్టుకొని ఉంటాయి.

మన కొండ, మన నీరు

మన దేశానికీ చురుకైన అగ్నిపర్వతం ఒకటి ఉంది. మన బంగాళాఖాతానికి అవతలి వైపు, అండమాన్‌లో బారెన్ ద్వీపం. అదీ పొరల అగ్నిపర్వతమే. 1787లో రేగినట్టు నమోదైంది. 19వ శతాబ్దంలో నిద్రపోయి, 1991లో లేచింది, 2005 నుంచి అప్పుడప్పుడూ పొగ, లావా కక్కుతూనే ఉంది. అక్కడ మనుషులు లేరు గానీ, సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అంత దూరం ఎందుకు, తాడేపల్లిగూడెం నుంచి దేవరపల్లి, పంగిడి వైపు వెళ్తే క్వారీల్లో కనిపించే నల్లరాయి దాదాపు 6.5 కోట్ల ఏళ్ల కిందటి లావాయే. అది కొండ పేలి వచ్చింది కాదు, నేల నెరియల్లోంచి పారి గడ్డకట్టింది. మన రోడ్ల మీద పరిచిన కంకరలో ఆ నిప్పు ఉంది.

అయినా మన ప్రాంతానికి భయం నిప్పుతో కాదు, నీటితో. నేను కొల్లేటి లంక ఊళ్లో పుట్టాను. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలోకి దిగితే ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. మా నాయనమ్మకు అక్షరం రాదు. గట్టు మీద నిలబడి నీటి రంగు చూసి, ఈ రాత్రికి బియ్యం అటక మీద పెట్టండి అనేది. పెట్టేవాళ్లం. నేను టౌనుకొచ్చి హాస్టల్లో భూగోళం చదివాను, నదుల పేర్లు వరసగా అప్పజెప్పాను గానీ, మా ఊరి నీటిని చూడటం మాత్రం ఆమె దగ్గర నేర్చుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి లంక ఊళ్ల రోడ్లు మునిగినప్పుడు, నేను టీవీ ముందు కూర్చొని ఉన్నాను. పడవల మీద బియ్యం, మందులు పట్టుకెళ్లిన వాళ్లు వేరే ఉన్నారు. ఆ రాత్రి నాకు ప్లీనీ జాబితా గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్న కొండ పేరు అందులో లేదు. నా జాబితాలో మా ఊరి నీరు లేదు.

ఆయన గురించి ఎందుకు రాశానంటే ఇందుకే. వేల పుస్తకాలు చదివిన ఆయన రోజూ చూసే కొండను తెలుసుకోలేకపోయాడు. అది ఆయన లోపం. కానీ చీటీ అందిన క్షణంలో పుస్తకం మూసి, ఓడ ఎక్కాడు. అది ఆయన గొప్పతనం. మనం చదువుకొని ఉద్యోగాలు తెచ్చుకోవడానికి ఈ హాస్టల్‌కు వచ్చాం. అది తప్పక చేద్దాం. దాంతో పాటు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన ఊరి చెరువు, కాలువ గట్టు, గాలి, నీరు ఎలా ఉన్నాయో పెద్దవాళ్లను అడిగి ఒక నోట్సు రాసుకోండి. చెప్పిన వాళ్ల పేరు కూడా రాయండి. ఏనాడైనా అవతలి ఒడ్డు నుంచి పిలుపు వస్తే, ఈత వచ్చిన వాళ్లు ముందుండండి.

వచ్చే ఏడాది సంచికలో ఆ నోట్సుల్లో ఒకటైనా చదవాలని ఆశిస్తూ, మన హాస్టల్ తమ్ముళ్లందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– ఒక పూర్వ విద్యార్థి